తలుపు వెనక తుఫాను సంచి

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆడపిల్లలు అప్పుడప్పుడు పెడనలో మా ఇంటికి వచ్చి కూర్చుంటారు. "మేడమ్, మీ సర్వీసులో గొప్ప కేసు ఒకటి చెప్పండి" అంటారు. గొప్ప కేసంటే వాళ్ళ ఉద్దేశం కత్తులూ, వెంబడించడాలూ. అవి నాకు తెలియవు తల్లీ. కానిస్టేబుల్‌గా చేరి ఏఎస్సైగా దిగిపోయినదాన్ని. బందరు, గుడివాడ, దివిసీమ, ఈ మూడు వైపులే తిరిగాను. ఎక్కువగా చూసినవి ఇళ్ళల్లో దొంగతనాలు. అందుకని అవే చెప్తాను. వినాలనుంటే వినండి, లేకపోతే కాఫీ తాగి వెళ్ళండి, నేనేం అనుకోను.

చేతులు వెనక్కి కట్టుకోండి

నాకు పని నేర్పిన సీఐ గారొకాయన ఉండేవారు. నోరు మంచిది కాదు గానీ కళ్ళు మంచివి. మొదటిరోజే పిలిచి, "దొంగ పడ్డ ఇంట్లోకి వెళ్తే చేతులు వెనక్కి కట్టుకో, నోరు మూసుకో, ముక్కు తెరువు" అన్నారు. ముక్కెందుకో నాకు అర్థం కాలేదు. తర్వాత ఇల్లిల్లూ తిరిగితే తెలిసింది. మన వైపు ఏ ఇంట్లో దొంగతనం జరిగినా మనం వెళ్ళేసరికి పసుపునీళ్ళ వాసనో, ఫినాయిల్ వాసనో కొడుతుంది. ఎవడో తిరిగిన ఇల్లు, మైల పడిపోయింది అని ఇల్లాలు గడప దగ్గర్నించి పెరటి దాకా కడిగేస్తుంది. పోలీసులకి ఫోన్ చెయ్యడం ఆ తర్వాత. వేలిముద్రలన్నీ తూములోకి పోయాక "ఎలాగైనా పట్టుకోండి బాబూ" అని కాళ్ళావేళ్ళా పడతారు. ఆ ఇల్లాలి మీద కేకలెయ్యకండి. ఆవిడ కడిగింది నేలని కాదు, తన భయాన్ని.

గుడివాడలో ఒక టీచరమ్మ ఇల్లు గుర్తుంది నాకు. అందరూ పెళ్ళికెళ్ళి వచ్చేసరికి బీరువాలో బంగారం లేదు. దొంగ వంటింట్లోకి కూడా వెళ్ళాడు. ఫ్రిజ్‌లో పెరుగన్నం తీసుకుని తిన్నాడు. తిన్న కంచం శుభ్రంగా తోమి, అరుగు మీద బోర్లించి వెళ్ళాడు. అత్తగారు అప్పటికే ఇల్లంతా కడిగేసి, మాకు కాఫీలు కూడా పట్టుకొచ్చింది. టీచరమ్మ మాత్రం ఆ కంచం కేసి చూస్తూ కూర్చుంది.

"బంగారం పోతే పోయిందండీ. కంచం ఎందుకు కడిగాడండీ? మా ఆయనే ఇన్నేళ్ళల్లో ఏనాడూ కడగలేదు" అంది.

మేమందరం నవ్వేశాం. ఆవిడ నవ్వలేదు. తర్వాత దొంగ దొరికాడు, బంగారంలో చాలావరకు వచ్చింది. అయినా ఆవిడ ఆ ఇంట్లో ఉండలేకపోయింది. వంటింట్లో దీపం వెయ్యడానికి చెయ్యి చాపితే ఇంకో చెయ్యి తగులుతుందేమో అనిపించేదట. అద్దె ఎక్కువైనా వేరే వీధికి మారిపోయారు.

ఎందుకు చెప్తున్నానంటే, దొంగ వచ్చిన తోవనే వెళ్ళిపోతాడని అనుకుంటాం మనం. పూర్తిగా వెళ్ళడు. కొంత ఆ ఇంట్లోనే ఉండిపోతాడు. మన పనిలో పెద్ద భాగం ఆ మిగిలిపోయినవాణ్ణి బయటికి పంపించడం. దానికి రికవరీ లెక్కలు పనికి రావు.

పగటిపూట వెలిగిన టార్చి

ఇప్పుడు చెప్పేది నాంచారమ్మ సంగతి. నాగాయలంక దిగువన, సముద్రానికి దగ్గర్లో ఒక చిన్న ఊరు. భర్త పడవ మీద వేటకి వెళ్ళేవాడు, ఆయన పోయాక ఆవిడ ఎండుచేపల వ్యాపారం చేసుకుంటూ ఒక్కతే ఉండేది. కూతురు లక్ష్మిని గిలకలదిండిలో ఇచ్చింది. గట్టి మనిషి నాంచారమ్మ. బేరంలో ఆవిడతో నోరు పెట్టుకుని గెలిచినవాడు లేడని ఆ చుట్టుపక్కల చెప్పుకునేవారు.

ఒకరోజు పొద్దున్నే చేపలు కొనడానికి రేవుకి వెళ్ళి, ఎండెక్కాక ఇంటికొచ్చింది. తాళం వేసినట్టే ఉంది. చూరులో దాచిన తాళంచెవి దాని చోట్లోనే ఉంది. తలుపు తీసి లోపలికి వెళ్తే వెనక గదిలో వెలుగు కనపడింది. మంచం మీద టార్చి వెలుగుతోంది. పక్కనే కొవ్వొత్తి, అగ్గిపెట్టె, మందుబిళ్ళలు, డబ్బులు, అన్నీ సర్ది పెట్టి ఉన్నాయి. ట్రంకు పెట్టె మూత తెరిచి ఉంది. మిగతా ఇల్లు ఎక్కడిదక్కడే ఉంది.

పోయింది ఒక్కటే. తలుపు వెనక మేకుకి తగిలించిన సంచి.

దివిసీమ మనుషులకి ఆ సంచి గురించి చెప్పక్కర్లేదు, కానీ మీలో పై జిల్లాలనించి వచ్చినవాళ్ళున్నారు. పెద్ద ఉప్పెన వచ్చివెళ్ళాక బతికి బయటపడ్డవాళ్ళు చాలామంది దగ్గర తాము ఫలానా అని చూపించుకోవడానికి చిన్న కాయితం ముక్క కూడా మిగల్లేదు. నాంచారమ్మ తల్లి అలాంటిదే. బియ్యం ఇచ్చేచోట, బట్టలు ఇచ్చేచోట "నువ్వెవరు?" అంటే చెప్పడానికి ఇల్లూ లేదు, సాక్షీ లేడు. అప్పటినించి ఆ ఇళ్ళల్లో ఒక అలవాటు. ఇంట్లో కాయితాలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి, చీకట్లో తడుముకున్నా అందేలా తలుపు వెనక తగిలిస్తారు. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, ఆరోగ్య కార్డు, దాంతోపాటు టార్చి, కాసిని డబ్బులు. తుఫాను హెచ్చరిక రాగానే దాన్ని భుజాన వేసుకుని షెల్టరుకి పరుగు. దాన్ని తుఫాను సంచి అంటారు.

ప్రాణం కాపాడటానికి పెట్టుకున్న అలవాటు అది. కానీ మీరే ఆలోచించండి. మనిషి మొత్తాన్ని ఒక మూట కట్టి, గుమ్మం పక్కనే తగిలించి పెడుతున్నాం.

"అమ్మగారూ, టార్చి వదిలేశాడు, డబ్బులు వదిలేశాడు. కాయితాలు తీసుకుని ఏం చేసుకుంటాడండీ?" అంది నాంచారమ్మ మేం వెళ్ళగానే. అని, ట్రంకు పెట్టె చూపించి, "ఇంకోటి కూడా పోయిందండి. నవ్వకండి. ఆకుపచ్చ మీద నల్లచుక్కల చీర. పాతది. అంచు దగ్గర చిరిగింది కూడా" అంది.

వేలిముద్రలు తీసేవాళ్ళు వచ్చారు. అదృష్టం, నాంచారమ్మ ఇంకా ఇల్లు కడగలేదు. ట్రంకు పెట్టె మూత మీద, టార్చి గాజు మీద పొడి చల్లి చూసి వాళ్ళలో ఒక కుర్రాడు మొహం చిట్లించాడు.

"వేళ్ళు పడ్డాయి మేడమ్. గీతల్లేవు. నున్నగా ఉన్నాయి."

"గ్లౌజులు వేసుకున్నాడేమో" అన్నారు ఎస్సై గారు.

"గ్లౌజులైతే ఇలా పడదు సార్. ఇవి వేళ్ళే."

గుమ్మంలో నిలబడి వింటున్న నాంచారమ్మ రంగు మారిపోయింది. "గీతల్లేకపోవడం ఏంటండీ? అది మనిషేనా?" అంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని తిప్పి చూశాను. ఏళ్ళ తరబడి ఉప్పులో చేపలు పిసికిన చెయ్యి. వేళ్ళ చివర అద్దంలా నున్నగా ఉన్నాయి. రేషన్ షాపులో మిషను కూడా ఆవిడ వేలిని ఎప్పుడూ పట్టేది కాదట. సరే, ఆ ముద్రలు ఆవిడవే అయి ఉంటాయిలే అనుకుని వదిలేశాం.

ఎస్సై గారు కొత్తగా వచ్చిన కుర్రవాడు. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. "రత్నం గారూ, చిరిగిన చీరా, ప్లాస్టిక్ సంచీ పోయాయని ఎఫ్ఐఆర్ కట్టమంటారా? పైవాళ్ళు నవ్వుతారండీ" అన్నారు.

"డబ్బు చేతిలో పెట్టుకుని, దాన్ని వదిలేసి కాయితాలు పట్టుకెళ్ళినవాడు మామూలు దొంగ కంటే ప్రమాదం సార్. రేపేదైనా అయితే అప్పుడు నవ్వేది మనల్ని చూసి" అన్నాను. గొణుక్కుంటూనే కట్టారు. ఆ గొణుగుడు మీరు కూడా వింటారు. వినపడనట్టు నిలబడండి.

మనిషి మీద మనిషి

ఇలాంటి దొంగతనం జరిగితే ఏం చెయ్యాలో నాంచారమ్మ చేత అన్నీ చేయించాను. ముందు బ్యాంకుకి పరుగెత్తి ఖాతా ఆపించాం. మీసేవకి వెళ్ళి ఆధార్‌లో వేలిముద్రకి తాళం వేయించాం, వేలు నొక్కించి డబ్బు తీసే మిషన్లు ఊరూరా ఉన్నాయి కదా. ఆవిడ పేరున కొత్త సిమ్ములు ఎవరైనా తీశారేమో లక్ష్మి చేత చూపించాను. రేషన్ డీలరుకీ, ఊరి సచివాలయంలో పనిచేసే పిల్లలకీ చెప్పాం. ఇకమీదట ఎవరికి జిరాక్సు ఇచ్చినా దాని మీద అడ్డంగా ఎందుకిస్తున్నారో రాసి సంతకం పెట్టమన్నాను. "తెలియని నంబర్నించి ఫోనొచ్చి పేరూ ఊరూ అడిగితే మాట్లాడకు, పెట్టెయ్" అని గట్టిగా చెప్పాను.

అన్నీ డబ్బు తోవలే మూశాం. దొంగ అంటే డబ్బుకే అని అందరి బుర్రల్లో ఉంటుంది. ఆసుపత్రి సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ చీర మాత్రం నన్ను వదల్లేదు. ఒకరోజు లక్ష్మి దగ్గరున్న పాత ఆధార్ జిరాక్సు తెప్పించి చూశాను. నలుపు తెలుపు బొమ్మ. మొహం సరిగ్గా పడలేదు, మసగ్గా ఉంది. భుజం మీద మాత్రం నల్లచుక్కలు స్పష్టంగా ఉన్నాయి. అది చూడగానే అర్థమైంది నాకు. ఆ చీర కట్టుకుని ఫొటో దిగింది నాంచారమ్మ. ఇప్పుడు ఎవరో ఆ ఫొటోలో మనిషిలా తయారవుతున్నారు. మగవాడు కాదు, ఆడమనిషి.

తర్వాత కొద్దిరోజులకే మొదలైంది. ఐసు బండి నడిపే అబ్బాయి వచ్చి, "ఏంటి పిన్నీ, నిన్న బందరు బస్టాండులో అంత పిలిచినా తిరిగి చూడలేదు. కోపమా?" అన్నాడు నాంచారమ్మతో. ఆవిడ నిన్నంతా చేపలు తిరగేస్తూ ఇంటి దగ్గరే ఉంది. "వెనకనించి నువ్వే పిన్నీ. ఆ చుక్కల చీరే. గోడ పట్టుకుని నడుస్తున్నావు, ఒంట్లో బాలేదేమో అనుకున్నా" అన్నాడు వాడు. ఇంకో ఆవిడ కోనేరు సెంటర్లో చూశానంది. ఆవిడకీ మొహం కనపడలేదు.

ఇక ఊరు ఊరుకుంటుందా? తన రూపం వేరేచోట తిరుగుతుంటే ఆయుష్షు మూడినట్టేనని ఒక ముసలమ్మ అనేసింది. ఆ ముసలమ్మ నోట్లో మట్టి కొట్టా, అంత మాట అనడానికి మనసెలా వచ్చిందో! బేరంలో ఓడని నాంచారమ్మ అప్పట్నించి అద్దానికి తువ్వాలు కప్పేసింది. కూర్చుంటే వీపు గోడకి ఆనించి కూర్చునేది. నేను వెళ్తే నా చెయ్యి పట్టుకుని, "అమ్మగారూ, అది నేనే అయితే? నాకు తెలియకుండా నేను వెళ్తున్నానేమో?" అనేది. నేను పైకి కసిరాను. కానీ తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ముందు సీట్లో ఎవరైనా ఆకుపచ్చ చీరతో కూర్చుంటే వంగి మొహం చూసేదాన్ని. మీకు చెప్పడానికి సిగ్గేమీ లేదు, నాకూ భయం వేసింది.

ఆ తర్వాత ఫోనొచ్చింది. అప్పుడు ఆవిడ దడి మీద చేపలు ఆరేస్తోంది.

"నాంచారమ్మ గారి తాలూకు వాళ్ళేనా అండీ?" అంది ఒక ఆడపిల్ల గొంతు.

"నేనే నాంచారమ్మని."

అవతల కాయితాలు తిరగేసిన చప్పుడైందట. మళ్ళీ మెల్లిగా, "కాదండీ, ఆవిడకి మీరేమవుతారు? ఆవిడ పొద్దున చనిపోయారు. వచ్చి తీసుకెళ్ళండి" అంది.

తెలియని ఫోను పెట్టెయ్యమని నేనే చెప్పాను కదా. పెట్టేసింది. నాకు కూడా చెప్పలేదు, చెప్తే నిజమైపోతుందని.

"ఎప్పుడండీ?"

ఇదంతా జరుగుతుండగానే నాంచారమ్మకి కడుపులో నొప్పి. చాలాకాలంగా ఉన్నదే, ఓర్చుకుంటూ వచ్చింది. లక్ష్మి పట్టుబట్టి అవనిగడ్డలో చూపిస్తే లోపల గడ్డ ఉంది, మంచిది కాకపోవచ్చు, వెంటనే తీయించండి అన్నారు. ఆ ఆపరేషను సర్కారు పెద్దాసుపత్రిలో కుదరదు, ఆరోగ్య కార్డు తీసుకునే ప్రైవేటు ఆసుపత్రి బందర్లో ఉంది, అక్కడికెళ్ళండి అని రాసిచ్చారు. సొంత డబ్బుతో చేయించుకునే స్తోమత ఆ ఇంట్లో లేదు. కొత్తగా తీయించిన కార్డు పట్టుకుని తల్లీకూతుళ్ళు వెళ్ళారు.

కౌంటర్లో అబ్బాయి కార్డు నంబరు కొట్టాడు. తెర చూశాడు. ఆవిడ్ని చూశాడు. మళ్ళీ తెర చూశాడు.

"ఈ పేషెంటు చనిపోయారమ్మా" అన్నాడు.

"ఎప్పుడండీ?" అంది నాంచారమ్మ.

లక్ష్మి నాకు ఫోన్ చేసి ఆ మాట చెప్తూ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "మా అమ్మ గొడవ పెట్టుకోలేదు మేడమ్. ఎప్పుడండీ అని అడిగింది. ఎప్పుడో చెప్తే, ఆ రోజు తనెక్కడుందో కూర్చుని లెక్క చూసుకుంటోంది. మీరు రండి మేడమ్" అంది.

వెళ్ళాను. డాక్టరమ్మ కొత్త స్కానింగ్ చూసి, "నేను రేపే చేస్తాను, కానీ చనిపోయిన మనిషి కార్డు మీద పర్మిషన్ రాదు. ఎక్కువ రోజులు మాత్రం ఆగకండి" అంది. ఆ మాటతో సంగతి తేలిపోయింది. కార్డు మళ్ళీ బతకాలి, లేకపోతే మనిషి బతకదు. కార్డు బతకాలంటే ఆ చనిపోయినామె వేరే మనిషని పోలీసు రిపోర్టు కావాలి. వేరే మనిషంటే సరిపోదట, ఎవరో తేల్చాలట.

విచారిస్తే తెలిసింది. ఒక ఆడమనిషి కామెర్లు బాగా ముదిరి, నాంచారమ్మ కార్డుతో ఆ ఆసుపత్రికే ఒంటరిగా వచ్చింది. మిషను మీద వేలు పడలేదు. మొహం వాచి, పసుపుపచ్చగా ఉంది, ఫొటోతో పోల్చేలా లేదు. చీర మాత్రం అదే. "ఎండుచేపల పని చేసేవాళ్ళకి వేలు పడదులే" అని చేర్చుకున్నారు. ప్రాణం నిలవలేదు. కార్డులో ఉన్న నంబరుకి ఫోన్ చేసినా ఎవరూ రాకపోతే పెద్దాసుపత్రి మార్చురీకి పంపించారు.

మార్చురీ దగ్గర

నాంచారమ్మని తీసుకెళ్ళడం నాకు ఇష్టం లేదు. ఆవిడే, "చూడకపోతే నాకు నిద్ర పట్టదండీ. చూస్తాను" అంది. మిట్టమధ్యాహ్నం. ఎండ మండిపోతోంది. మార్చురీ ముందు కానుగ చెట్టు కింద కాపలా మనిషి క్యారేజీ విప్పుకుని అన్నం తింటున్నాడు. మమ్మల్ని చూసి ఎంగిలి చేత్తోనే లేచి, "ఎవరి బాడీ అమ్మా?" అన్నాడు.

"నాంచారమ్మదండి" అన్నాను నేను.

అతను ఆవిడ వైపు తిరిగి, "మీరేమవుతారు?" అన్నాడు.

"నాదేనండి" అంది నాంచారమ్మ.

అతను మళ్ళీ ముద్ద ఎత్తలేదు. చెయ్యి కడుక్కుని తాళాలు తెచ్చాడు. లోపల చల్లగా ఉంది. బొటనవేలికి కట్టిన చీటీ మీద నాంచారమ్మ పేరు, భర్త పేరు, ఊరు, అన్నీ ఉన్నాయి. ఒంటి మీద ఆకుపచ్చ చీర కప్పి ఉంచారు. నేను ముందు ఆ చేతులు చూశాను. వేళ్ళ చివర నున్నగా ఉన్నాయి. గీతల్లేవు.

నాంచారమ్మ మొహం చూడలేదు. చీర అంచు పట్టుకుని చూసింది. "చిరుగు కుట్టుకుందండీ" అంది. "ఎంత సన్నగా కుట్టిందో చూడండి." అప్పుడు తలెత్తి మొహం చూసింది. చూసి, ఆ చెంప మీద చెయ్యి పెట్టింది.

"అయ్యో తల్లీ, నువ్వా?"

ముందు ఏడాది తుఫానుకి షెల్టర్లో ఆవిడ పక్కనే పడుకున్న మనిషట. శ్రీకాకుళం వైపునించి కూలీల ముఠాతో రొయ్యల చెరువుల పనికి వచ్చింది. పేరు దాలమ్మ. కప్పుకోవడానికి కూడా ఏమీ లేకపోతే నాంచారమ్మ తన దుప్పటి సగం కప్పింది. బయట గాలి హోరెత్తుతోంటే భయపడకుండా ఉండాలని తన సంచి విప్పి చూపించింది. ఇది ఆధార్, ఇది బ్యాంకుది, ఇది ఆసుపత్రిలో చూపిస్తే రూపాయి లేకుండా వైద్యం చేస్తారు, అని ఒక్కొక్కటే చేతిలో పెట్టింది. గాలి తగ్గాక ఇంటికి తీసుకెళ్ళి ఒకరోజంతా గంజి పోసింది. తాళంచెవి చూరులోంచి తీయడం, సంచి మళ్ళీ మేకుకి తగిలించడం దాలమ్మ ముందే.

"నీ సంచేదే అని అడిగానండి. లేదంది. కాయితాలు లేని మనిషి శవంతో సమానమే పిల్లా అన్నాను. మా అమ్మ అనే మాట. నవ్వుతూనే అన్నాను." నాంచారమ్మ తల బాదుకుంది. "నా నోటితోనే చెప్పానండీ. ఎక్కడుందో చెప్పాను, ఎందుకో చెప్పాను."

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. గంజి పోసిన ఇంటికి వచ్చి, డబ్బు ముట్టకుండా, తాళంచెవి మళ్ళీ చూరులో పెట్టి వెళ్ళిన దొంగని ఏమంటారో నాకు తెలియదు.

పెట్టెలో మొహాలు

ఆ ముఠా తర్వాత ముదినేపల్లి వైపు చేపల చెరువులకి మారిందని తెలిసి ఎస్సై గారూ, నేనూ వెళ్ళాం. చెరువు గట్టు మీద రేకుల షెడ్డు. దూరంగా నీళ్ళల్లో మనుషులు నడుము లోతున వల లాగుతున్నారు. మమ్మల్ని చూసి కూడా ఒక్కళ్ళూ లాగడం ఆపలేదు. ముఠాని నడిపే మేస్త్రీ కుర్చీలు వేయించాడు.

"దాలమ్మా? పారిపోయిందండీ. అడ్వాన్సు తిని పారిపోయే రకం" అన్నాడు.

"ఆవిడ కార్డులేవి?" అన్నాను.

"కార్డులు..." అని మంచం వైపు చూశాడు. ఎస్సై గారు లేచి నిలబడేసరికి మంచం కిందనించి రేకుపెట్టె లాగాడు. తాళం తీశాడు. లోపల ఆధార్ కార్డులు. పనివాళ్ళందరివీ. మూత తెరవగానే ఆ మొహాలన్నీ పైకి చూస్తున్నట్టనిపించింది. ఇంతసేపూ చీకట్లో ఉండి, తెరిచిందెవరా అన్నట్టు.

"జాగ్రత్తకోసమేనండీ. చేతికిస్తే సీజను మధ్యలో వెళ్ళిపోతారు. అందరూ ఇలాగే చేస్తారండీ" అన్నాడు మేస్త్రీ.

"ఒంట్లో బాలేదని ఆవిడ అడగలేదా?"

"అడిగిందండీ. కళ్ళు పచ్చబడ్డాయని అడిగింది. రెండు వారాలాగు, పట్టుబడి అయ్యి చెరువులో చేపలన్నీ తీశాక ఇస్తానన్నాను."

ఉన్నమాట చెప్తున్నాను, సర్వీసంతటిలో చెయ్యి చేసుకోవాలని నాకు అనిపించింది ఆ ఒక్కసారే. ఎస్సై గారు నా మొహం చూసి, "రత్నం గారూ, మీరు పెట్టె పట్టుకోండి" అన్నారు. అతని మీద కేసు అక్కడే కట్టారు, ఈసారి గొణుక్కోలేదు. నేను గట్టు మీద నిలబడి పేర్లు పిలిచి కార్డులు ఇచ్చాను. గీతలరిగిపోయిన తడిచేతులతో తీసుకుని, తమదేనా కాదా అని చూసుకున్నారు. కొంతమంది మొహం గుర్తుపట్టడానికి చాలాసేపు చూశారు.

కామెర్లకి కార్డు లేకపోయినా పెద్దాసుపత్రిలో చూస్తారు. ఈ మాట దాలమ్మకి ఎవ్వరూ చెప్పలేదు. కార్డు లేకపోతే లోపలికి రానివ్వరని నమ్మి, వేరే మనిషి పేరు తొడుక్కుని, ఆ పేరుతోనే పోయింది. నాంచారమ్మని దోచుకుంది దాలమ్మ, నిజమే. అంతకు ముందు దాలమ్మని దోచుకున్నవాడికి మన పుస్తకాల్లో దొంగ అనే పేరు లేదు. మీరు పనిచేసే రోజుల్లోనైనా ఉంటే బాగుండు.

దాలమ్మ తమ్ముడు వచ్చాడు. కాలి చీటీ మార్చి సొంత పేరు రాశాక శవాన్ని ఇచ్చారు. చీర రికవరీ సొత్తు కదా, తీసుకుంటావా అని నాంచారమ్మని అడిగాను. "వద్దండీ, అది తనదే. కుట్టుకుంది కదా" అంది.

ఇక చివరగా చెప్పాల్సింది. సంచి కట్టుకోవద్దని ఆ ఊళ్ళవాళ్ళకి చెప్పకండి. సముద్రం పక్కన బతికేవాళ్ళకి అది కావాలి. కాకపోతే సంచిలో జిరాక్సులు ఉంచమనండి, అసలువి వేరేచోట పెట్టమనండి, తాళంచెవి చూరులో పెట్టడం మానమనండి. కాయితాలు పోయాయని ఎవరొచ్చినా, డబ్బు పోలేదు కదా అని పంపించెయ్యకండి. బ్యాంకుతోపాటు ఆసుపత్రికి కూడా చెప్పించండి.

రిపోర్టు వెళ్ళింది. ఎస్సై గారు రోజూ ఫోన్లు చేసి వెంటపడ్డారు. నాంచారమ్మ కంప్యూటర్లో మళ్ళీ బతికింది. ఆపరేషను రోజు నేను కూడా వెళ్ళాను. బయట బల్ల మీద ఆవిడ, లక్ష్మి, నేను కూర్చున్నాం. పక్క బల్లల మీద వేరే ఆడవాళ్ళున్నారు. నర్సు తలుపు తీసి పిలిచింది.

"నాంచారమ్మ ఎవరండీ? నాంచారమ్మ!"

ఆవిడ లేవలేదు. మెల్లిగా వెనక్కి తిరిగి, బల్లల మీద కూర్చున్నవాళ్ళని ఒక్కొక్కళ్ళనీ చూస్తోంది.

"లేమ్మా, నిన్నే" అన్నాను.

"ఉండండి అమ్మగారూ" అంది, నా చెయ్యి పట్టుకుని. "ఒక్క నిమిషం చూద్దాం. తను లేస్తుందేమో. నాకంటే ముందొచ్చింది కదా."

నర్సు మళ్ళీ పిలిచింది. ఎవరూ లేవలేదు. అప్పుడు నాంచారమ్మ చీర సర్దుకుని లేచి లోపలికి వెళ్ళింది.